800 డాలర్ల గైడు: ఇస్లమొరాడాలో ఐదు రోజుల లెక్క

"బావగారూ, గైడు ఎందుకండీ? మీరున్నారుగా."

డాలస్ నుంచి మా బావమరిది ఫోన్‌లో అన్న ఈ మాటతోనే ఈ కేసు మొదలైంది. నేను ఫ్లోరిడాలోని ట్యాంపాలో ఉంటాను. ఉప్పునీటిలో ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు దాటింది. శనివారాలు మా ఇంటి దగ్గర పార్కులో కొత్తవాళ్ళకి క్యాస్టింగ్, అంటే లైన్ విసరడం నేర్పిస్తుంటాను. వాళ్ళలో తెలుగువాళ్ళు ఇప్పటికి ఓ అరడజను మంది. చేపల చోటు చూపించడానికి పడవతో వచ్చే గైడు అవసరమా, డబ్బు దండగా అని ప్రతివాళ్ళూ అడుగుతారు. నోటికొచ్చినట్టు చెప్పడం మానేసి, ఒక ట్రిప్పు మొత్తం నోట్‌బుక్‌లో రాసుకుంటూ చూద్దామనిపించింది. చూసిన చేపలు, విసిరినవి, కొరికినవి, చేతికి వచ్చినవి అని నాలుగు గళ్ళు గీశాను. ఇది ఆ నోట్‌బుక్ కథ.

ఫ్లై ఫిషింగ్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మామూలు గాలంలో ఎర బరువు తీగను లాక్కెళ్తుంది. ఫ్లైలో ఎర అంటే కొక్కేనికి చుట్టిన నాలుగు వెంట్రుకలు, కాస్త మెరుపు దారం. దానికి బరువు పెద్దగా ఉండదు. అందుకని బరువంతా లావుపాటి లైన్‌లోనే పెడతారు. కొరడా ఝళిపించినట్టు వెనక్కీ ముందుకీ ఊపి ఆ లైన్‌నే విసరాలి. వాగులో ట్రౌట్‌కి 30 అడుగులు విసిరితే చాలు. సముద్రంలో ఎదురుగాలికి 50 అడుగులు విసరాలి, అదీ అయిదారు సెకన్లలో. ఎందుకంటే అక్కడ చేప ఒకచోట ఉండదు, కదిలి వెళ్ళిపోతుంటుంది.

మా బావమరిది ఓక్లహోమాలో బ్రోకెన్ బో దగ్గర లోవర్ మౌంటెన్ ఫోర్క్ నదిలో ట్రౌట్ పడతాడు. చెయ్యి మంచిదే. ఫ్లోరిడా దక్షిణాన ఉన్న దీవుల వరస, కీస్‌కి రావాలని మూడేళ్ళుగా అంటున్నాడు. మే మొదటివారంలో ఐదు రోజులు సెలవు దొరికింది. నాకు తోచిన ఏర్పాటు ఇది: మొదటి రెండు రోజులు మా ఇద్దరమే, మూడో రోజు గైడు, చివరి రెండు రోజులు మళ్ళీ మా ఇద్దరమే. ముందూ వెనకా పోల్చి చూడొచ్చు కదా అని. పరీక్షగా ఇది బాగానే ఉంది. సెలవు ట్రిప్పుగా మాత్రం తప్పు. ఎందుకో తర్వాత చెప్తాను.

మొదటి రెండు రోజులు

ఇస్లమొరాడా అంటే మయామీకి దక్షిణంగా, ఓవర్సీస్ హైవే మీద దండలో పూసల్లా వరసగా ఉన్న చిన్న చిన్న దీవులు. ఒక పక్క అట్లాంటిక్, ఇంకో పక్క ఫ్లోరిడా బే. మధ్యలో ఫ్లాట్లు. ఫ్లాటంటే మనవాళ్ళు కూకట్‌పల్లిలో కొనేది కాదు. మోకాలు లోతు నీళ్ళు, కింద ఇసుకా నాచుగడ్డీ, మైళ్ళ కొద్దీ పరుచుకున్న మెరక. పోటు వచ్చేటప్పుడు, మేం వెతుక్కుంటూ వచ్చిన బోన్‌ఫిష్ అనే వెండిరంగు చేప ఆ మెరక మీదకి ఎక్కి పీతల్నీ రొయ్యల్నీ ఏరుకుంటుంది. పాటు మొదలవగానే లోతులోకి దిగిపోతుంది.

పడవ లేకుండా కాలినడకన వేటాడే చోట్లు ఇక్కడ రెండు బాగా పేరున్నవి. 73వ మైలురాయి దాటాక ఆన్స్ బీచ్, 67వ మైలు దాటాక లాంగ్ కీ స్టేట్ పార్క్. లాంగ్ కీలో ఒకప్పుడు కీస్‌కి రైలు వేసిన ఫ్లాగ్లర్ కంపెనీవాళ్ళ ఫిషింగ్ క్యాంపు ఉండేది. 1935 తుఫానులో అది మొత్తం కొట్టుకుపోయింది. మేమూ అక్కడే దిగాం. మావాడు డాలస్‌లో ఉన్నప్పుడే ఏడు రోజుల లైసెన్సు ఆన్‌లైన్‌లో తీసుకున్నాడు. బయటి రాష్ట్రంవాళ్ళకి 30 డాలర్లు. నాకు రెసిడెంట్ లైసెన్సు, ఏడాదికి 17.

రెండు రోజులూ కలిపి పదకొండు గంటలు నీళ్ళలో నడిచాం. నోట్‌బుక్‌లో రాసింది ఇది: చూసినవి 2, విసిరినవి 0, కొరికినవి 0, చేతికి వచ్చినవి 0. ఆ చూసిన రెండూ మా కాళ్ళ దగ్గర నుంచి బాణంలా పారిపోయినవి. ముందు కళ్ళకి కనపడింది బురద మేఘం, చేప ఆ తర్వాత. ఇవి కాక ఒక బారకూడా, రెండు చిన్న నిమ్మ సొరచేపలు, లెక్కలేనన్ని టేకు చేపలు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నాకు ట్యాంపా బే తెలుసు. స్నూక్ ఏ డాక్ కింద ఉంటుందో, రెడ్‌ఫిష్ ఏ గడ్డిలో తోక ఊపుతుందో తెలుసు. కీస్ తెలియదు. ఈ రెండూ ఒకటే చదువు అనుకున్నాను. ఫోన్‌లో టైడ్ పట్టిక చూసి పోటు 9 గంటలకని 8:30కే దిగాను. ఆ పట్టిక కొన్ని మైళ్ళ అవతల ఉన్న ఛానెల్‌ది. మేమున్న మెరక మీదకి నీళ్ళు పూర్తిగా ఎక్కేసరికి ఇంకో గంటన్నర పట్టింది. అప్పటికి మేం తిరగాల్సినంతా తిరిగి, చూడకుండానే చేపల్ని బెదరగొట్టి, శాండ్‌విచ్ తినడానికి కారు దగ్గరికి వచ్చేశాం.

రెండో రోజు సాయంత్రం మోటెల్‌లో మావాడు కాళ్ళకి ఐస్ పెట్టుకుని, "రేపు గైడు కూడా ఇలాగే చేస్తే ఎలా బావగారూ?" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అదే టెన్షన్.

ఎందుకు టెన్షన్

ఆరేళ్ళ కిందట మొదటిసారి కీస్‌లో గైడుని పెట్టుకున్నప్పుడు నా అనుభవం బాగాలేదు. ఆయన పేరు, ఊరు అనవసరం. ఆ రోజు గాలి జోరు 20 నాట్లు, అంటే గంటకి 37 కిలోమీటర్లు. నేను అప్పటికి పార్కులో గాలి లేనప్పుడు 60 అడుగులు విసురుతున్నానని బుకింగ్ ఫోన్‌లో గొప్పగా చెప్పాను. పడవ ముక్కు మీద నిలబడ్డాక 25 అడుగులు దాటలేదు. మొదటి గంట ఆయన ఓపిగ్గా చెప్పాడు. రెండో గంట గట్టిగా చెప్పాడు. మూడో గంటకి ఏమీ చెప్పడం మానేశాడు. మధ్యాహ్నం చేతికి స్పిన్నింగ్ రాడ్, అంటే మామూలు గాలం ఇచ్చి, కొక్కేనికి బతికున్న రొయ్య గుచ్చి, "అటు వెయ్యి" అన్నాడు. పదినిమిషాల్లో బోన్‌ఫిష్ పడింది. ఫోటో తీశాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఎవరికీ చూపించలేదు.

ఆయన మీద చాలాకాలం కోపం ఉండేది. తర్వాత్తర్వాత సగం తప్పు నాదే అనిపించింది. ఫ్లై మాత్రమే కావాలని నేను ముందు చెప్పలేదు. నా చేతిలో లేని 60 అడుగులు ఉన్నాయని చెప్పాను. ఆయన ఆ 60ని నమ్ముకుని పడవని చేపలకి దూరంగానే ఆపుతూ వచ్చాడు. పెళ్ళిచూపుల్లో జీతం ఎక్కువ చెప్పినట్టే ఇది. తర్వాత రోజూ తేలుతూనే ఉంటుంది.

అందుకే ఈసారి గైడుకి ఫోన్ చేసినప్పుడు మొదట చెప్పింది మా చేతగానితనమే. మావాడు గాలిలో 40 అడుగులు, నేను 55. ఫ్లై తప్ప వేరే ఏదీ వద్దు, చేప పడకపోయినా ఫర్వాలేదు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "అయితే చాలా పని తేలికైంది" అన్నాడాయన. ఇంకో రెండు విషయాలు అడిగాను. వాతావరణం బాగోకపోతే అడ్వాన్సు ఏమవుతుంది? ఆయనే రద్దు చేస్తే తిరిగి ఇస్తాడు, మేం మానుకుంటే ఇవ్వడు. రాడ్లు ఎవరివి? బోన్‌ఫిష్‌కి మా 8 వెయిట్ రాడ్ చాలు, టార్పన్ అనే భారీ చేపకి ఆయన ఇంకా బలమైన 11 వెయిట్ రాడ్ ఇస్తాడు. ఎనిమిది గంటలకి 800 డాలర్లు. టిప్పు వేరే.

మూడో ప్రశ్న అడగాల్సింది, అడగలేదు: ఇద్దరం వస్తే ఇద్దరమూ ఒకేసారి విసరొచ్చా? కుదరదు. స్కిఫ్ అనే ఈ చిన్న పడవ ముక్కు మీద ఒక్కడే నిలబడతాడు, రెండోవాడు కూర్చుని చూడాలి. అంటే 800కి తలా ఎనిమిది గంటలు కాదు, తలా నాలుగు. ఇది తెలియక ముగ్గురు కలిసి గైడుని మాట్లాడుకున్న మిత్రులున్నారు. తలా రెండున్నర గంటలు రాడ్ పట్టుకుని, మిగతా రోజంతా కూలర్ మీద కూర్చుని వచ్చారు.

మూడో రోజు

ఉదయం 6:30కి డాక్. ఆయన వయసు యాభై దాటి ఉంటుంది, మెడ వెనక చర్మం చింతపండు రంగు. పడవ ఎక్కకముందే మా ఫ్లై పెట్టె తెరిచి చూశాడు. నేను వారం రోజులు కూర్చుని కట్టిన వాటిలో సగం పక్కన పెట్టేశాడు. అన్నిటికీ మునగడానికి బరువుగా సీసం కళ్ళు పెట్టాను. మోకాలు లోతులో అవి రాయి పడ్డట్టు పడతాయట, బోన్‌ఫిష్ బెదిరిపోతుందట. తేలికైన పూసల గొలుసు కళ్ళున్నవి మాత్రం ఉంచాడు. తర్వాత కొక్కెం మొనని గోటి మీద గీసి చూసి, జారుతోందని చిన్న ఆకురాయితో రుద్దాడు. తొమ్మిదేళ్ళలో నేను ఈ పని ఎన్నిసార్లు చేశానో నన్నడక్కండి.

లైన్ చివర ఉండే సన్న దారం, లీడర్, కొత్తది కట్టాడు. ఆయన వేళ్ళు చూస్తుంటే గుర్తొచ్చింది. లావు దారానికి సన్న దారం కలిపే ఆల్‌బ్రైట్ ముడి పేరు ఈ ఇస్లమొరాడాలోనే పనిచేసిన జిమ్మీ ఆల్‌బ్రైట్ అనే గైడుది. మనం ఈ వేటలో వాడే పద్ధతుల్లో ఎన్నో ఇక్కడి గైడుల చేతుల మీదుగా వచ్చినవే.

తర్వాత మావాణ్ణి ముక్కు మీద నిలబెట్టి, చెప్పులు విప్పమన్నాడు. ఉత్త కాళ్ళుంటే కింద పడిన లైన్ మీద కాలేస్తే తెలుస్తుంది. "పడవని గడియారం అనుకో, ముక్కు 12 గంటలు. నేను 10 గంటలు, 50 అడుగులు అంటే ముందు రాడ్‌తో అటు చూపించు, విసరకు. నువ్వు చూపించేదీ నేను చూసేదీ ఒకటే అని తేలాకే విసురు." ఖాళీ నీళ్ళ మీద రెండుసార్లు రిహార్సల్ చేయించాడు. మావాడి 10 గంటలు 11కి దగ్గరగా ఉంది. మావాడి 50 అడుగులు 35. ఆయన నవ్వలేదు, మనసులో లెక్క సరిచేసుకున్నాడు. రోజంతా మావాడికి "60" అని చెప్పినప్పుడు నిజానికి 45 అన్నమాట.

మొదటి రెండు గంటలు సముద్రం వైపు టార్పన్ కోసం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అవి గుంపులు గుంపులుగా ఒడ్డు వెంబడి వెళ్తుంటాయి. పది, పదిహేను, ఒక్కొక్కటి మనిషి పొడవు, నల్లటి దుంగలు వరసకట్టి ఈదుతున్నట్టు. మొదటి గుంపు రాగానే మావాడికి చేతులు వణికి లైన్ చీలమండకి చుట్టుకుంది. రెండో గుంపుకి నేను నిలబడ్డాను. ఒకటి నోరు తెరిచింది, పైకి ఎగిరింది, "వంగు!" అని వెనక నుంచి కేక. టార్పన్ ఎగిరినప్పుడు రాడ్‌ని ముందుకి వంచి లైన్‌కి సందివ్వాలి, లేకపోతే తెగుతుంది. నేను వంగే లోపే తెగింది. నాలుగు సెకన్లు. మోకాళ్ళు మాత్రం పావుగంట వణికాయి.

తొమ్మిదిన్నరకి ఫ్లోరిడా బే వైపు వెళ్ళాం. గైడుకి ఇచ్చే డబ్బు ఎక్కడికి పోతుందో నాకు అర్థమైంది ఇక్కడే.

ఆయన మోటారు పైకెత్తి, వెనక ప్లాట్‌ఫామ్ ఎక్కి, 20 అడుగుల గెడ అందుకున్నాడు. గోదావరి మీద నాటుపడవకి గెడ వేసేవాళ్ళని చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. అదే ఒడుపు, నడుముతో నెట్టడమే. తేడా ఏమిటంటే ఈయన గెడ వేస్తూ పడవని నడపడమొక్కటే కాదు, రాడ్ పట్టుకున్నవాడి చేతిని కూడా నడుపుతున్నాడు. ఎండ ఎప్పుడూ మా వీపు వెనకే. గాలి ఎడమ భుజం మీదుగా, కుడిచేతివాటం వాడి లైన్ ఒంటికి తగలకుండా. చేప కనపడగానే గెడని ఇసుకలో గుచ్చి పడవ వెనక భాగాన్ని ఒక్క జానెడు తిప్పుతాడు. అంతే, వెనక్కి ఊపడానికి కుదరని షాట్ తేలికైపోతుంది. మావాడు "ఇప్పుడు బాగా పడుతోంది" అని తన చేతిని మెచ్చుకుంటున్నాడు. నేను కూలర్ మీద కూర్చుని ఆ గెడని చూస్తున్నాను.

రెండోది గడియారం. ఈ దీవుల మధ్య కాలవల్లోంచి నీళ్ళు బే లోకి రావాలి కాబట్టి పోటు అన్నిచోట్లా ఒకే టైముకి రాదు. ఒక ఫ్లాట్ మీద నీళ్ళు నిండిపోయేసరికి ఇంకో ఫ్లాట్ మీద అప్పుడే మొదలవుతుంది. ఆయన ఆ రోజు అయిదు చోట్లకి తిప్పాడు. అయిదు చోట్లా పోటు మొదటి గంటే దొరికింది. మేం రెండు రోజులు ఒక్క పోటు కోసం ఒక్కచోట పడిగాపులు కాశాం.

మూడోది కళ్ళు. "చేపని వెతక్కు" అన్నాడు మావాడితో. "బోన్‌ఫిష్ ఒళ్ళంతా అద్దం. కింద ఏ రంగుంటే ఆ రంగులో ఉంటుంది. నీళ్ళని కాదు, నీళ్ళ అడుగుని చూడు. అడుగున నీడ కదులుతుంది. నీడ కదిలితే దానికి కాస్త పైనే చేప ఉంటుంది." మావాడి కళ్ళద్దాలు బూడిద రంగువి. ఆయన తన పాత రాగిరంగు జత ఇచ్చాడు. మావాడు పెట్టుకుని ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. తర్వాత తెలుగులో "ఓరి నాయనో" అన్నాడు. ఆయనకి అనువాదం అక్కర్లేకపోయింది.

ఆ రోజు మావాడికి బోన్‌ఫిష్ మీద తొమ్మిది షాట్లు వచ్చాయి. మొదటి రెండూ సరిగ్గా చేప నెత్తిన వేసి బెదరగొట్టాడు. మూడోసారి లైన్ మీద కాలేశాడు. ఉత్తకాలే, తెలిసింది కూడా, కానీ అప్పటికే లేటు. నాలుగు, అయిదు పొట్టిగా పడ్డాయి. ఆరోది బాగా పడింది, చేప తల వంచి మింగింది, మావాడు అలవాటు కొద్దీ రాడ్‌ని పైకి గుంజాడు. ట్రౌట్‌కి అలాగే గుంజాలి. ఇక్కడ గుంజితే ఫ్లై నోట్లోంచి ఊడి వచ్చేస్తుంది. రాడ్ కదపకుండా ఎడమచేత్తో లైన్‌ని పొడుగ్గా లాగాలి. ఏడోసారీ అదే జరిగింది. ఆయన గెడ మీద వాలి, కోపం లేకుండా, "ఇంకొకసారి రాడ్ లేపితే దాన్ని డెక్‌కి కట్టేస్తాను" అన్నాడు. ఎనిమిదోదాన్ని ఏం బెదిరించిందో గానీ దగ్గరికొచ్చి వెళ్ళిపోయింది.

తొమ్మిదోది మధ్యాహ్నం 1:40కి. రెండు చేపలు, 11 గంటల వైపు, కుడికి వస్తున్నాయి. "విసురు. బాగుంది. ఆగు... ఆగు... చిన్నగా లాగు. ఇంకా. చూసింది. ఆపకు. పొడుగ్గా!" లైన్ బిగుసుకుంది. మావాడి కాళ్ళ దగ్గర చుట్టలుగా ఉన్న లైన్ నీళ్ళు చిమ్ముతూ రాడ్ రింగుల్లోంచి పరిగెత్తింది. తర్వాత రీల్ అరిచింది. వంద గజాలు ఒక్క ఊపులో. రెండోసారి పరిగెత్తినప్పుడు వెనక నుంచి నిమ్మ సొర నీడ కనపడింది. ఆయన వెంటనే "డ్రాగ్ వదులు చెయ్యి, దాన్ని పారిపోనీ" అన్నాడు. డ్రాగ్ అంటే రీల్‌కి ఉండే బ్రేకు. బిగించి ఉంచితే చేప నెమ్మదిస్తుంది, సొరకి దొరుకుతుంది. సొర వెనకబడింది. ఆరు నిమిషాలకి చేప పడవ పక్కకి వచ్చింది. అయిదు పౌన్లు ఉంటుందన్నాడు. తడి చేత్తో పట్టుకుని, నీళ్ళలోనే కొక్కెం తీసి, సొర ఎటుపోయిందో నాలుగువైపులా చూసి వదిలిపెట్టాడు.

వదిలిపెట్టడం మా ఔదార్యమేమీ కాదు. ఫ్లోరిడాలో 2011 నుంచి బోన్‌ఫిష్‌ని, 2013 నుంచి టార్పన్‌ని ఉంచుకోకూడదు. 40 అంగుళాలు దాటిన టార్పన్‌ని నీళ్ళలోంచి పైకి కూడా ఎత్తకూడదు. ఫోటో కోసం పడవలోకి లాగి జరిమానా కట్టినవాళ్ళు నాకు తెలుసు. గైడు ఉంటే ఇలాంటి సంగతులు మనం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆయన పడవకి ఉన్న లైసెన్సు కిందికే మనమూ వస్తాం కాబట్టి ఆ రోజుకి మన లైసెన్సు కూడా అక్కర్లేదు.

నా ఖాతాలో బోన్‌ఫిష్ షాట్లు అయిదు. ఒకటి కొరికింది, మడచెట్టు వేరుకి చుట్టి తెంపేసింది. పర్మిట్ అనే మహా బెదురు చేప ఒకటి కనపడింది. దాని గురించి రాయడానికి ఏమీ లేదు, అది పర్మిట్ కాబట్టి.

నోట్‌బుక్‌లో మూడో రోజు: టార్పన్ గుంపులు ఏడు, బోన్‌ఫిష్ చూసినవి 30కి పైన, విసిరినవి 14, కొరికినవి 4, చేతికి వచ్చినది 1.

800కి తోడు 150 టిప్పు. మొత్తం 950, తలా 475. ఆ రాత్రి రాజమండ్రికి వీడియో కాల్ చేస్తే మా అత్తగారు రూపాయల్లో లెక్కకట్టి, "ఎనభై వేలు పోసి పట్టిన చేపని నీళ్ళలో వదిలేసి వచ్చారా! పులస కూడా అంత లేదు కదయ్యా" అన్నారు. దీనికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

చివరి రెండు రోజులు

గైడు విలువ తేలింది నిజానికి ఈ రెండు రోజుల్లోనే.

మళ్ళీ లాంగ్ కీకే వెళ్ళాం. ఈసారి పట్టికలో ఉన్నదానికి గంటన్నర కలుపుకుని దిగాం. నడవలేదు. గడ్డి మధ్య తెల్లటి ఇసుక మడుగొకటి చూసుకుని, ఎండని వీపు మీద పెట్టుకుని, దానికి 40 అడుగుల దూరంలో కొంగల్లా నిలబడ్డాం. ఆ తెల్లటి ఇసుక మీదుగా ఏది వెళ్ళినా నీడ పడుతుంది. ఇది ఆయన పడవలోంచి దూరంగా వేలుపెట్టి చూపించిన చోటు కాదు. అలాంటి చోటు ఎలా ఉంటుందో చూపించాడు, మిగతాది మేం వెతుక్కున్నాం. ఆయన తీసుకెళ్ళిన ఫ్లాట్ల వైపు వెళ్ళలేదు. పడవ లేకుండా వెళ్ళలేం, ఉన్నా వెళ్ళకూడదు. మనిషి బతుకుతెరువు కోసం చూపించిన చోటుని మర్నాడు మనం వెళ్ళి వాడుకోవడం మర్యాద కాదు.

నాలుగో రోజు చూసినవి 6, విసిరినవి 3. అయిదో రోజు చూసినవి 5, విసిరినవి 3, కొరికినవి 2, చేతికి వచ్చినది 1. ఆ ఒక్కటీ మావాడిదే, మహా అయితే రెండు పౌన్లు. దాన్ని ముందు చూసింది కూడా మావాడే. "బావగారూ, మీ ఎడమవైపు నీడ" అన్నాడు. నేను తిరిగి చూసేలోపు విసిరేశాడు. రాడ్ లేపలేదు. లైన్ పొడుగ్గా లాగాడు.

ముందు రెండు రోజులు పదకొండు గంటలకి 2. తర్వాత రెండు రోజులు తొమ్మిది గంటలకి 11. అదే చోటు, అదే కాళ్ళు, అదే గాలి. ఎండ చివరి రెండు రోజులూ కొంచెం బాగుంది, అది ఒప్పుకోవాలి. మబ్బు పట్టి ఉంటే ఈ 11లో సగం కనపడేవి కావు. అయినా తేడా ఎండ తెచ్చినది మాత్రమే అనుకోను.

అందుకే గైడుని మూడో రోజున పెట్టడం తప్పన్నాను. ఐదు రోజుల ట్రిప్పుకి గైడుని మొదటి రోజే పెట్టుకోవాలి. మనవాళ్ళు ఎక్కువమంది దీనికి తలకిందులుగా చేస్తారు. ముందు సొంతంగా ప్రయత్నించి, ఏమీ పడక, చివరి రోజు అవమానం భరించలేక గైడుకి ఫోన్ చేస్తారు. ఆయన నేర్పినదాన్ని వాడుకోవడానికి మర్నాడు ఉండదు, ఫ్లైట్ ఉంటుంది. అప్పుడు మిగిలేది ఫోటో ఒక్కటే. దానికి 950 ఎక్కువే.

ఎప్పుడు వద్దంటాను

మా పార్కుకి వచ్చేవాళ్ళలో కొందరికి గైడు వద్దని నేనే చెప్తాను. గాలిలో 40 అడుగులు, రెండే ఊపుల్లో వెయ్యలేనివాళ్ళకి గైడు ఏమీ చెయ్యలేడు. చేపల్ని చూపిస్తాడు, మనం బెదరగొడతాం. సాయంత్రానికి ఇద్దరి మొహాలూ మాడిపోతాయి. ఆ డబ్బులో పదోవంతు పెట్టి క్యాస్టింగ్ నేర్చుకోవడం మేలు. మా బావమరిది రాకముందు మూడు వారాలు రోజూ పొద్దున్నే అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌లో 17 అంగలు వేసి టోపీ పెట్టి, దాని మీదకి విసిరాడు. ఆ మూడు వారాలు లేకపోతే మూడో రోజు నోట్‌బుక్ ఇలా ఉండేది కాదు.

కొన్ని వేటలకి గైడే అక్కర్లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మా గల్ఫ్ తీరంలో, శానిబెల్, వెనిస్ బీచ్‌ల వెంబడి స్నూక్ అలల అంచునే తిరుగుతుంది. పొద్దున్నే ఇసుక మీద నడుస్తూ, కాళ్ళు తడవకుండా చూసి విసరొచ్చు. అక్కడికి గైడుని తీసుకెళ్ళడం గుడికి వెళ్ళడానికి క్యాబ్ మాట్లాడుకుని పక్కవీధిలో దిగినట్టు. ఫోర్ట్ డిసోటో పార్క్‌లో రెడ్‌ఫిష్ కూడా అంతే. నాలుగుసార్లు ఉత్త చేతులతో వస్తారు, అయిదోసారి పడుతుంది. ఆ నాలుగుసార్లకీ పెట్రోలు, టోలు, పార్కింగ్ తప్ప ఖర్చు లేదు.

టార్పన్, పర్మిట్ సంగతి వేరు. అవి ఉండేచోటికి వెళ్ళడానికి అడుగు లోతులో కూడా తేలే పడవ కావాలి. ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్క్‌కి చెందిన ఫ్లోరిడా బే నీళ్ళలో మోటారు పడవ నడపాలంటే ముందు పార్కువాళ్ళ కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకోవాలి. అద్దె పడవ తీసుకుని తెలియని చోట ప్రొపెల్లర్‌తో గడ్డి దున్నేస్తే ఆ గాటు మానడానికి ఏళ్ళు పడుతుంది. కీస్ మ్యాప్‌ని శాటిలైట్‌లో చూడండి, ఫ్లాట్ల మీద తెల్లటి గీతలు కనపడతాయి. అవన్నీ "గైడెందుకు, నేనే నడుపుతాను" అనుకున్నవాళ్ళ సంతకాలేనని నా అనుమానం.

గైడుని ఎంచుకునేటప్పుడు కోస్ట్ గార్డ్ కెప్టెన్ లైసెన్సు ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. ఆరుగురు ప్రయాణికుల దాకా తీసుకెళ్ళే మామూలు లైసెన్సుకే 360 రోజుల పడవ అనుభవం చూపించాలి. అది ఉన్నవాడు అడిగితే ఏమీ అనుకోడు. ఇంకొకటి, ఆయన ఫోటోల్లో చేపల్ని కాదు, పట్టుకున్నవాళ్ళ చేతిలో ఏ రాడ్ ఉందో చూడండి. పది ఫోటోల్లో తొమ్మిదింట్లో స్పిన్నింగ్ రాడ్ ఉంటే మన రోజు కూడా మధ్యాహ్నానికి రొయ్య దగ్గరికే చేరుతుంది. నేను ఆరేళ్ళ కిందట చూసుకోనిది ఇదే.

మావాడు డాలస్ వెళ్ళిన నెలకి ఒక్కడే కారేసుకుని టెక్సస్ తీరానికి, పోర్ట్ అరాన్సస్ దగ్గర లైట్‌హౌస్ లేక్స్‌కి రెడ్‌ఫిష్ కోసం వెళ్ళాడు. గైడు లేడు, నేను లేను, అద్దె కయాక్ ఒకటి. మధ్యాహ్నం వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. గోధుమరంగు నీళ్ళు, మూల ఒక నల్లటి మచ్చ, దాని మీదకి ఎర్ర బాణం గీసి, "ఇది నీడేనా బావగారూ?"

పెద్దది చేసి చూశాను. నాచుగడ్డి. ఆ మాట రాసేలోపు ఇంకో మెసేజ్ వచ్చింది: "కదిలింది."

రాయడం ఆపేశాను. సాయంత్రం దాకా ఇంక ఏ మెసేజూ రాలేదు.